తొమ్మిది వంతుల బేరం

ఈ పొద్దు మార్కాపురంలో టీ కొట్టు కాడ, డబ్బున్నోళ్లకు ఇన్‌కం ట్యాక్సు ఇంకా పెంచాలని ఎవరో అన్నారు. పలకల ఫ్యాక్టరీ ఓనరు మస్తాన్ మామకు మండింది.

“ఎక్కువ సంపాదించడం తప్పా ఏంది?”

ఆయన ఫ్యాక్టరీలోనే పలకలు అరగదీసే మరియమ్మక్క నవ్వింది. “నేను కూలిలో దశమ భాగం చర్చికిస్తా మామా. ఎప్పుడన్నా ఏడ్చినానా?”

“పదోవంతే గదా! నాకూ అంతే పెట్టమను, నవ్వుకుంటా కడతా.”

“సరే మామా, ఇద్దరం పదోవంతే కడదాం. మిగిలిన తొమ్మిది వంతులు మార్చుకుందామా?”

అందరం గొల్లున నవ్వినాం. మామ మాత్రం లేచి, ఎవరూ అడక్కుండానే మా అందరి టీ డబ్బులు ఇచ్చి పోయినాడు.

ఇది ఏ ట్యాక్సు కిందికి వస్తదో తెలిసినోళ్లు చెప్పండబ్బా.