టీకాల దీనమ్మ సెలవు చీటీ మీద నేను రాసిన నోటు

1972 జూన్‌లో నన్ను నల్లగొండ జిల్లా నుంచి హైదరాబాదు పాతబస్తీకి బదిలీ చేశారు. హోదా హెల్త్ ఇన్‌స్పెక్టరు. పత్తర్‌గట్టి వెనక గల్లీలు నా పరిధి. నా కింద నలుగురు లేడీ వాక్సినేటర్లు ఉండేవారు. ఇల్లిల్లూ తిరిగి మశూచి టీకాలు వేయడం వాళ్ళ పని. నా పైన హెల్త్ ఆఫీసరు, మా ఇద్దరి మధ్య కాగితాలు నడిపే హెడ్ క్లర్కు.

ఆ ఏడాది జరిగిన ఒక సంగతి ఇదివరకే మా శాఖలో ప్రచారంలో ఉంది, కానీ తప్పుగా ఉంది. కిందటేడు, యాభై రెండో ఏట, నేను స్వచ్ఛందంగా ఉద్యోగం విరమించాను. వీడ్కోలు సభలో ఒక మిత్రుడు నన్ను 'ప్రాణాపాయంలో ఉన్న సహోద్యోగినిని సమయానికి ఆసుపత్రికి చేర్చి కాపాడిన అధికారి' అని పొగిడాడు. ఆ సహోద్యోగిని దీనమ్మ ముందు వరసలోనే కూర్చుని మిక్చరు తింటూ ఆ మాట విన్నది. సభ అయ్యాక మెట్ల దగ్గర నన్ను ఆపింది.

"కథ మస్తుగుంది సార్. ఇంక నౌకరి గూడ అయిపాయె గద, మిమ్మల్ని ఎవరేం జేస్తరు. అసలుది జర రాయుండ్రి" అన్నది.

అసలుది ఇది.

అప్పట్లో మశూచి టీకా రెండు మొనలున్న చిన్న సూదితో వేసేవారు. సూదిని మందులో ముంచి, చేతి మీద ఒకేచోట గబగబా పొడవాలి. మొదటిసారి వేయించుకునేవాళ్ళకు మూడు పోట్లు, ఇదివరకు వేయించుకున్నవాళ్ళకు పదిహేను. వారం తర్వాత అక్కడ పొక్కు లేస్తే టీకా పట్టినట్టు. వాక్సినేటరు టీకాలు వేసిన ఇంటి గోడ మీద జాజుతో తేదీ రాస్తుంది. వారం గడిచాక ఇన్‌స్పెక్టరు వెళ్ళి, కొన్ని ఇళ్ళను ఎంచుకుని, పొక్కులు లేచాయో లేదో చూసుకోవాలి.

పాతబస్తీలో ఈ పని ఒక పద్ధతిలో జరిగేది. జనానాలోకి మగవాడు వెళ్ళకూడదు కనుక నేను గుమ్మం బయట గోనెపట్టా పర్దా ముందు నిలబడేవాణ్ణి. పర్దా సందులోంచి ఒక్కొక్క చెయ్యి బయటికి వచ్చేది. నేను పొక్కు చూసి, రిజిస్టరులో టిక్కు పెట్టి, "తర్వాత" అనేవాణ్ణి. ముఖాలు చూడకుండా వందల మందిని తనిఖీ చేశాను. చూసిన ముక్కను బట్టి మిగతాది పోల్చుకోవడంలో నాకు మంచి నేర్పు ఉందని అప్పట్లో నా నమ్మకం.

దీనమ్మకు అప్పుడు ముప్పై నాలుగేళ్ళు. నలుగురిలోకీ పనిమంతురాలు. మంచు నింపిన మందు ఫ్లాస్కు నడుం మీద పెట్టుకుని, తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడుతూ, టీకా వద్దని తలుపు వేసుకున్న ఇంట్లోనే చాయ్ తాగి బయటికి వచ్చేది. ఆమె క్రైస్తవురాలు కనుక బొట్టు లేదు. చేతులకు గాజులూ, వేలికి పెళ్ళి ఉంగరమూ ఉన్నాయి. మా గుంటూరు వైపు మా ఇళ్ళలో బొట్టునూ గాజులనూ బట్టి ఆడమనిషి సంగతి పోల్చుకుంటారు. ఆ లెక్కన భర్త ఉన్న మనిషే అని నేను తీర్మానించుకున్నాను. ఎవరినీ అడగలేదు.

నేను చేరిన రెండు నెలలకు ఆమె ఆరు వారాల ఆర్జిత సెలవు కోరుతూ దరఖాస్తు ఇచ్చింది. కారణం దగ్గర 'ఆరోగ్య రీత్యా' అని మాత్రం రాసింది. అప్పటికే నేను కొన్ని సంగతులు గమనించి ఉన్నాను. ఆమె పొత్తికడుపు ఎత్తుగా కనిపిస్తోంది. మెట్లు పక్కవాటుగా దిగుతోంది. గాజులు చేసే ఖైరున్నిసా బేగం ఇంట్లో రోజూ కాసేపు నడుం వాల్చి వస్తోంది. ఇవన్నీ కలిపి చూసి నేను నవ్వుకున్నాను. పాపం, సిగ్గుపడి చెప్పలేకపోతోంది, ప్రసూతి సెలవు హక్కుగా వస్తుంటే తన సెలవు వృథా చేసుకుంటోంది అనుకున్నాను.

సెలవు దరఖాస్తు మీద ఇన్‌స్పెక్టరు తన సిఫారసును నోటు ఫైలులో రాయాలి. ఆ ఫైలులో ప్రతి పేజీకీ నంబరు ఉంటుంది, చింపడానికి వీల్లేదు. నేను మంచి దస్తూరీతో ఇలా రాశాను: 'దరఖాస్తుదారు గర్భవతిగా కనిపిస్తున్నారు. ఆరో నెల కావచ్చును. ఆర్జిత సెలవుకు బదులుగా ప్రసూతి సెలవు మంజూరు చేయవచ్చును.'

ఉపకారం చేశానన్న తృప్తితో ఇంటికి వెళ్ళి భోజనం చేశాను.

హెడ్ క్లర్కుకు దీనమ్మ సంగతి బాగా తెలుసు. ఆయన ఆ ఫైలును ఆఫీసరు బల్ల మీదికి పంపే ముందు ఆఫీసులో ఉన్న ప్రతి బల్ల మీదికీ పంపాడు. మర్నాడు నేను వచ్చేసరికి గుమాస్తాలు తలలు వంచుకుని శ్రద్ధగా పనిచేస్తున్నారు. వాళ్ళు అంత శ్రద్ధగా పనిచేయడం నేను అంతకు ముందు చూడలేదు.

పదకొండింటికి దీనమ్మ వచ్చింది. కోపంగా లేదు. నా ఎదుటి కుర్చీలో కూర్చుంది.

"సార్, నాకు ఎన్నో నెల అని రాసిండ్రు?"

ఆరో నెల కావచ్చునని రాశానన్నాను.

"మా ఆయన సచ్చిపోయి ఆరేండ్లాయె సార్. గంత ఆలస్యంగ పుట్టేటోడు తప్పకుండ గవర్నమెంటు నౌకరే అయితడు."

అవతలి బల్ల దగ్గర ఎవరో దగ్గు ఆపుకోలేకపోయారు. ఆమె గొంతు తగ్గించి అసలు విషయం చెప్పింది. ఆమెకు అండాశయంలో తిత్తి పెరిగింది. గర్భసంచికి ఇరువైపులా ఉండే అండాశయాల్లో ఒకదాని మీద నీటి సంచి లాంటిది లేచి, నెలనెలా పెద్దదవుతోంది. ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో లేడీ డాక్టరు పరీక్షించి, ఆపరేషన్‌కు వచ్చే సోమవారం తేదీ ఇచ్చింది. అందాకా నడవవచ్చు, పనిచేసుకోవచ్చు, బరువులు మాత్రం ఎత్తకూడదు, ఉన్నట్టుండి వంగకూడదు అన్నది. ఒకవేళ తిత్తి మెలిపడితే భరించలేని నొప్పి వస్తుందనీ, అప్పుడు క్షణం ఆగకుండా రావాలనీ హెచ్చరించింది.

నేను క్షమాపణ చెప్పి, సెలవు వెంటనే మంజూరు చేయిస్తానన్నాను. ఆమె తల అడ్డంగా ఊపి, దరఖాస్తు వాపసు ఇమ్మన్నది.

"గిప్పుడు నేను పోయి కాన్పుల దవాఖానల పండుకుంటే మీ నోటు మీద మొహర్ గొట్టినట్టే గద సార్. నాకు పదేండ్ల బిడ్డ ఉన్నది, బడికి పోతది. జనం నోరు జర సల్లబడనియ్యుండ్రి. అటెన్క పోత."

ఇక్కడ నేను చేయవలసిన పని తేలికైనది. 'పై నోటు నేను విచారించకుండా రాసినది. దరఖాస్తుదారు వితంతువు. చికిత్స కోసం సెలవు కోరారు. పొరపాటు నాది' అని రాసి, ఆఫీసరుకు స్వయంగా చెప్పి, గుమాస్తాల ముందు ఒప్పుకుంటే సరిపోయేది. ఆమె సోమవారం ఆసుపత్రిలో చేరేది. కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరును కదా, నవ్వులపాలవుతానని అలా చేయలేదు. 'పై నోటు మరొక ఉద్యోగిని గురించి పొరపాటున ఇందులో రాయబడినది' అని రాశాను. దాంతో నలుగురు వాక్సినేటర్లలో ఆ మరొకరు ఎవరన్న చర్చ మొదలైంది. వాళ్ళలో ఒకావిడకు యాభై నాలుగేళ్ళు. ఆవిడ నాతో నెల రోజులు మాట్లాడలేదు. దీనమ్మ మీద అనుమానం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ సోమవారం దీనమ్మ ఆపరేషన్‌కు బదులు డ్యూటీకి వచ్చింది.

తర్వాతి మూడు వారాలు ఆమె ఎలా పనిచేసిందో నాకు ఖైరున్నిసా బేగం చెప్పగా తెలిసింది. మేడ ఇళ్ళన్నీ పొద్దున ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే ముగించేది. ఫ్లాస్కును నడుం మీది నుంచి భుజానికి మార్చింది అందుకేనట. పిల్లలకు టీకా వేయడానికి వంగకుండా, వాళ్ళనే అరుగు ఎక్కించి నిలబెట్టేది. ప్రతి గల్లీలోనూ కూర్చోవడానికి ఒక ఇల్లు చూసిపెట్టుకుంది. నొప్పిగా ఉన్న రోజు బేగం, లక్కగాజుల కుంపటి మీద ఉప్పు మూట వేడి చేసి ఇచ్చేది. ఆ గల్లీల ఆడవాళ్ళందరికీ ఆమె తిత్తి సంగతి తెలుసు. ఒకరు మెంతుల నీళ్ళు ఇచ్చారు, ఒకరు తాయెత్తు కట్టారు. ఆమె ఎవరినీ కాదనలేదు. అన్నీ తాగి, అన్నీ కట్టించుకుని, "ఆపరేషన్‌కు మాత్రం పోవుడే" అనేదట. తెలియనిది మా ఆఫీసుకే.

మూడో వారం చివర, పొద్దున పదిన్నరకు, నేను బేగం ఇంటి పర్దా ముందు నిలబడి పొక్కులు చూస్తున్నాను. లోపల దీనమ్మ ఒక్కొక్కరినీ పంపుతుంటే నాలుగు చేతులు అయ్యాయి. ఐదో చెయ్యి రాలేదు. లోపల ఏదో పడిన చప్పుడు, ఆ వెంటనే దీనమ్మ మూలుగు వినిపించాయి. ఏమైందని బయటి నుంచే అడిగాను. పర్దా వెనక నుంచి, ఎందుకు నిలబడ్డారని కసురుతూ బేగం గొంతు వచ్చింది.

"ఇన్‌స్పెక్టర్ సాబ్, ఖడే కాయ్కూ హైఁ? రిక్షా లావ్. పర్దే వాలీ."

నేను పరుగెత్తి రిక్షా తెచ్చాను. కంగారులో పర్దా లేనిది తెచ్చాను. బేగం నన్ను, రిక్షావాణ్ణి కలిపి తిట్టి, మంచం మీది దుప్పటి తెచ్చి రిక్షాకు చుట్టూ కట్టించింది. దీనమ్మను ఇద్దరు ఆడవాళ్ళు మోసుకొచ్చి ఎక్కించారు. బేగం బురఖా వేసుకుని పక్కన కూర్చుంది. ఫ్లాస్కు నా చేతికి వచ్చింది.

"మందు ఎండకు పెట్టకుండ్రి సార్" అన్నది దీనమ్మ, దుప్పటి లోపలి నుంచి, పళ్ళు బిగబట్టి.

రద్దీలో రిక్షా ముందు దారి చేస్తూ నేను నడిచాను. సమయానికి ఆసుపత్రికి చేర్చడంలో నా పాత్ర అంతే.

లేడీ డాక్టరు చూసి, తిత్తి మెలిపడిందని వెంటనే చెప్పింది. మూడు వారాల కిందట తేదీ ఇస్తే ఎందుకు రాలేదని కఠినంగా అడిగింది. నేను ఫ్లాస్కు పట్టీ సర్దుకున్నాను. స్ట్రెచర్ మీద నుంచి దీనమ్మ, "డ్యూటీ ఎక్కువుండె మేడం" అన్నది. కబురు వెళ్ళినా ఆమె తల్లి ఇంకా రాలేదు. ఆపరేషన్‌కు అంగీకార పత్రం మీద ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. నేను పెట్టాను. సంబంధం అన్నచోట 'పై అధికారి' అని రాశాను.

మెలిపడి రక్తం ఆడక, ఆ వైపు అండాశయం చెడిపోయింది. తిత్తితో పాటు దాన్నీ తీసేశారు. తేదీ ప్రకారం వచ్చి ఉంటే తిత్తి ఒక్కటే తీసి, అండాశయాన్ని నిలిపేదాన్నని డాక్టరు నాతో అన్నది. తిత్తిలో చెడు గుణం ఏమీ లేదని పరీక్షలో తేలింది. రెండో వైపు కూడా చిన్న తిత్తులు ఉన్నాయి, వాటికి ఇప్పుడే కత్తి అవసరం లేదు, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకుంటే చాలునన్నది.

నాలుగో రోజు నేను వార్డుకు వెళ్ళాను. గల్లీల నుంచి వచ్చిన పది మంది బురఖాలవాళ్ళ మధ్య దీనమ్మ కూర్చుని ఉంది. అప్పుడు నా తప్పు చెప్పుకున్నాను. ఆమె విన్నది.

"పొట్ట మీద కుట్టుతోటి నవ్వొద్దన్నరు సార్. మీరు గిట్ల మొఖం వెట్టి కూసుంటే నవ్వు ఆగుతలేదు" అన్నది. ఆ తర్వాత, "నన్ను ఒక్క మాట అడిగితే అయిపోతుండె" అన్నది.

రెండు నెలల తర్వాత ఆమె తిరిగి డ్యూటీలో చేరింది. అదే ఫ్లాస్కు, అవే గల్లీలు. ఆ మరుసటి ఏడు ఆమె ఇచ్చిన సెలవు చీటీలో 'అండాశయంలోని తిత్తుల పరీక్ష కోసం ఒక రోజు' అని స్పష్టంగా రాసింది. మా ఆఫీసులో అంతవరకు ఏ ఆడమనిషీ అలా రాయలేదు. హెడ్ క్లర్కు రెండుసార్లు చదివి, ఎక్కడికీ తిప్పకుండా నేరుగా ఆఫీసరుకు పంపాడు. క్రమంగా మిగతా ముగ్గురూ ఉన్న కారణం ఉన్నట్టే రాయడం మొదలుపెట్టారు. ఆమె రెండో వైపు తిత్తులు మళ్ళీ కత్తిదాకా రాలేదు. తర్వాత మశూచి పోయింది. ఆమె పోలియో, ధనుర్వాతం టీకాలకు మారి సూపర్‌వైజరు అయింది.

నాకు మాత్రం హెల్త్ ఆఫీసరు మెప్పు లేఖ ఇచ్చారు. సమయస్ఫూర్తి చూపినందుకు అని అందులో ఉంది. అది నా సర్వీసు రిజిస్టరులో చేరింది. వద్దని నేను అనలేదు. ఫైలులోని రెండో నోటును కూడా సరిదిద్దలేదు. కనుక ఇప్పుడు రాస్తున్నాను: మొదటి నోటు దీనమ్మ గురించే రాశాను, విచారించకుండా రాశాను. రెండోది తెలిసి రాసిన అబద్ధం. ఆ రెండింటి వల్ల ఆమె చికిత్స మూడు వారాలు ఆలస్యమై, ఒక అండాశయం పోయింది. ఆమెను కాపాడినవాళ్ళు ఖైరున్నిసా బేగం, రిక్షావాడు, లేడీ డాక్టరు.

ఆ తర్వాత పదహారేళ్ళ సర్వీసులో వందల సెలవు దరఖాస్తులు నా బల్ల మీదికి వచ్చాయి. ప్రతిసారీ దరఖాస్తుదారును పిలిచి, కూర్చోబెట్టి, ఏం రాయమంటారని అడిగాకే కలం తీశాను. అడగడానికి మొహమాటమైతే ఏమీ రాయకుండా పైకి పంపాను. పని ఏమీ ఆగలేదు.