గంట కొట్టాక వచ్చిన దేవుడు

మా సోషల్ అయ్యవారు పోయారని నిన్న ఉదయం ఉరవకొండ బస్సు దిగినవాళ్లు చెప్పారు. అమ్మకు చెప్పాను. చేతిలో చాట కింద పెట్టి, "ఎప్పుట్నుంచి మంచంలో ఉన్నాడంట?" అని మాత్రం అడిగింది. వారంగా ఆసుపత్రిలోనే ఉన్నారట అన్నాను. చీర చెంగు బిగించి, ఊరి బయట వాగు, మా వంక వైపు నడిచింది.

ఆయన యుద్ధం ముగిశాక పటాలంతో జపాను పోయి, కొంతకాలం ఉండి వచ్చిన మనిషి. పటాలం బూట్లకే టైరు అట్టలు కొట్టించుకుని తొడిగేవారు. నోరు మహా చేదు. కరువు రోజుల్లో మేం క్లాసులో ఆకలికి తలలు వాల్చేస్తే, "కడుపు కాలుతాందా? ఆ దేశంలో ఊళ్లకు ఊళ్లే కాలినాయి. నిక్కి కూర్చో!" అనేవారు. అయినా ఆ దేశం కత్తులూ కోటలూ దయ్యాలూ పక్క ఊరివన్నట్టు చెబుతుంటే ఆకలి మరిచిపోయేవాళ్లం.

ఆ కరువులో నా చెల్లెలు, ఇంకా మాటలు సరిగ్గా రానిది, గంజి కేంద్రం దగ్గర విరేచనాలు పట్టుకుని పోయింది. మాలో పసిపిల్లలను కాల్చరు. వంక గట్టున పూడ్చి, నక్కలు తవ్వకుండా పైన రాళ్లు పేరుస్తారు. దినాలుండవు, మళ్లీ అటు పోకూడదు కూడా. మర్నాడే అమ్మ కరువుపనికి పోయింది. రోడ్డుకు కంకర కొట్టి కుప్ప పోయడం ఆ పని. కుప్ప నచ్చకపోతే మేస్త్రీ కాలితో తన్ని, మళ్లీ పేర్చమంటాడు.

ఆ వారంలోనే అయ్యవారు క్లాసులో ఒక జపాను కథ ఎత్తుకున్నారు. కన్నవాళ్ల కంటే ముందే చచ్చిపోయిన పిల్లలు అవతలి లోకంలో నది ఒడ్డున రాళ్లు పేరుస్తారట, అమ్మానాయనలకు పుణ్యం రావాలని. చీకటి పడగానే రాక్షసులు వచ్చి ఇనుప కర్రలతో పడగొడతారట. పిల్లలు ఏడుస్తూ మళ్లీ మొదలుపెట్టాలి. సరిగ్గా అక్కడ గంట కొట్టారు. పాడు గంట!

విన్నది విన్నట్టు ఇంట్లో చెప్పాను. సంకటి కెలుకుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"చచ్చినాంక కూడా కూలిపనేనా నా బిడ్డకు? ఆడ కూడా మేస్త్రీ ఉండాడా?"

అప్పటినుంచి తెల్లారగానే వంకకు పోయి, బిడ్డకు కొంత పని తప్పుతుందని తానే రాళ్లు పేర్చేది. మేకలో కుక్కలో పడదోసేవి. మర్నాడు చూసి, రాక్షసులు వచ్చినారని గుండెలు బాదుకునేది. నాయన కొట్టినా మానలేదు. తిండి మాత్రం మానేసింది. ఇక ఈమె కూడా పోతుందని ఊరంతా అనుకున్నారు.

సంగతి తెలిసి అయ్యవారు మా వాకిట్లోకి వచ్చారు. "కత అయిపోలేదమ్మా, గంట కొట్టినారు. ఆ పిల్లోల్ల కోసం జిజో అని ఒక దేవుడు వస్తాడు. వాళ్లను అంగీలో దాచుకుంటాడు. ఆయన రాతిబొమ్మలకు తల్లులు ఎర్రగుడ్డ కట్టేది నా కండ్లతో చూసినా."

అమ్మ తలెత్తి చూసింది. "నిన్న లేని దేవుడు ఈపొద్దు యాడనుంచి వచ్చినాడు సామీ? నేను ఏడుస్తాండానని కల్పించి చెప్తాండావు. పో."

అంత నోరున్న మనిషి వచ్చిన దారినే వెళ్లిపోయారు.

తర్వాత గంట కొట్టినా క్లాసు వదిలేవారు కాదు. "సగం కతతో లేచినోని కాళ్లు ఇరగ్గొడతా!" హెడ్మాస్టరు తిట్టినా అంతే.

ఇటు వంకలో రాళ్లు పడటం ఆగిపోయింది. "ఈపొద్దు కూడా పడలేదే," అంటూ అమ్మ మెల్లగా ముద్ద నోట పెట్టింది. ఒక సాయంత్రం పుల్లలకు పోయినప్పుడు చూశాను. అయ్యవారు నడుం పట్టుకుని వంగి, మేకలను బూతులు తిడుతూ, పడిన రాళ్లు ఒక్కొక్కటే నిలబెడుతున్నారు. నన్ను చూసి కర్ర ఎత్తారు. "మీయమ్మకు చెప్పినావంటే తోలు ఒలుస్తా." చెప్పలేదు. ఆయన ఏళ్ల తరబడి అటు పోతూనే ఉన్నారు. మా అమ్మ బతికి ఉందంటే ఆయన వల్లనే.

నిన్న అమ్మ వెనకే నేనూ వంకకు పోయాను. రాళ్లన్నీ చెల్లాచెదురుగా పడున్నాయి.

"వారం నుంచి నిలబెట్టేకొద్దీ పడిపోతాండాయి," అంది. "రోజూ వచ్చి నిలబెట్టిపోయే ఈయప్ప మంచం పట్టినాడని నాకేం తెలుసు."

 తర్వాత తన ఎర్రచీర అంచు చింపి, అన్నిట్లోకి పెద్ద రాయిని నిలబెట్టి, దాని మెడకు కట్టినట్టు చుట్టింది. "ఇన్నాళ్లూ కట్టకపోతి సామీ," అని ఏడ్చింది.

ఈ ఉదయం ఆమె లేవకముందే పోయి చూశాను. ఆ రాయి బోర్లా పడి ఉంది. పక్కన ఒక మేక ఎర్రగుడ్డ నములుతోంది.