మూడు సంతలు చూసి కొనాల

తర్లుపాడు నాగేంద్రమ్మ పిసినారి కాదు. ఇంటికి ఎవరొచ్చినా జొన్నరొట్టె మీద నెయ్యి వేసి పెట్టేది. కానీ కాపురానికొచ్చిన కొత్తలో గొర్రెలమ్మిన డబ్బుతో ముచ్చటపడి వెండి పన్నీరుబుడ్డి కొన్నది. ఆ ఏడు వాన పడలేదు. ఇంట్లో పన్నీరుబుడ్డి ఉంది గానీ జొన్నలు లేవు. అప్పుడు పెట్టుకున్నది ఆమె ఆ కట్టుబాటు: ఏ వస్తువు కొనాలన్నా మూడు వారాలు మార్కాపురం సంతలో ఊరికే చూసి రావాల. అప్పటికీ మనసు దాని మీదే ఉంటే నాలుగో సంతలో కొనాల.

యుద్ధం వచ్చి కిర్సనాయిలు, గుడ్డలు అన్నీ పిరమయ్యేసరికి ఊరి ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆమె దారి పట్టినారు. పలకల రాయి గనిలో కూలికి పోయే దానమ్మ ఒక నిలువుటద్దం మీద ఆశపడి, మూడు సంతలూ తిరిగి చూసి వచ్చింది.

"ఏమైంది, కొంటావా?" అని అడిగింది నాగేంద్రమ్మ.

"వద్దులే అక్కా. మూడు వారాలు అందులో నా మొహం చూసేసరికి నాకే విసుగొచ్చింది."

చిక్కంతా నాగేంద్రమ్మ మొగుడు నరసింహులుతోనే వచ్చింది. ఆయనకు గొడుగు కావాల.

"వానేదయ్యా మనకు?"

"ఎండకే."

"తలగుడ్డ లేదా?"

"తలగుడ్డ చేతిలో పట్టుకుని తిరిగితే నలుగురూ చూస్తారా?"

సరే, మూడు సంతలు చూడమంది. మొదటి వారం నరసింహులు గొడుగు తెరిచి చూసినాడు. రెండో వారం దాన్ని వేసుకుని ఎడ్ల అంగడి దాకా పోయి వచ్చినాడు. మూడో వారం మధ్యాహ్నం దాకా తిరిగొస్తే, గొడుగుల వ్యాపారి, "పెద్దాయనా, ఈసారికి బాడుగ ఇచ్చి పో," అన్నాడు.

అయినా ఆశ చావలేదు. నాలుగో వారం నాగేంద్రమ్మ కొంగున డబ్బు ముడేసుకుని, దానమ్మను తోడు పిలుచుకుని మొగుడితో బయల్దేరింది.

సంత మొదట్లోనే ఒకాయన రేకుపెట్టె తెరిచి కళ్లద్దాలు అమ్ముతున్నాడు. నాగేంద్రమ్మకు చూపు తగ్గి చాన్నాళ్లయింది. సూదిలో దారం తడుముకుని ఎక్కించేది.

"పెట్టి చూస్తే డబ్బులడగవు గదా?" అని కూచుంది.

మూడో జత ముక్కు మీద పడగానే ఆమెకు అన్నీ తేటగా కనబడినాయి. ముందు తన చేతులు చూసుకుంది. తర్వాత మొగుణ్ణి చూసింది. కింది నుంచి పైదాకా చూసి, మోకాలి దగ్గర ఆగింది.

"ఏందయ్యా, నీ పంచె ఎవరు కుట్టినారు అట్ల?"

"నువ్వే."

"తెల్లపంచెను ఎర్రదారంతోనా?"

"తెల్లదే అన్నావు గదా అప్పుడు."

"నాలుగేండ్ల నుంచి ఇట్లనే తిరుగుతున్నావా? చెప్పలేదేంది?"

"చెబితే దారపుండకు కూడా మూడు సంతలు తిరగమంటావని."

దానమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాగేంద్రమ్మ నవ్వలేదు. ఇంకాస్త దగ్గరికి జరిగి చూసింది.

"మీసం ఎప్పుడు నెరిసిందయ్యా?" అంది మెల్లగా.

నరసింహులు సిగ్గుపడి మీసం మీద చెయ్యి పెట్టుకున్నాడు.

ఆమె కొంగుముడి విప్పి, అడిగిన రెండు రూపాయల నాలుగణాలూ పెట్టింది. బేరం ఆడకపోయేసరికి కళ్లద్దాలాయనకే అనుమానమొచ్చి, రూపాయలు బండ మీద మోగించి చూసుకున్నాడు.

"అక్కా, మరి మూడు సంతలో?" అంది దానమ్మ.

"ముచ్చటకు కొనేవాటికి గదే మూడు సంతలు. ఇది లేక ఎనిమిదేండ్ల నుంచి పని చెడగొట్టుకుంటున్నా. అన్నేండ్లు తెలుసుకోలేకపోయినాను చూడు, అదీ నా దండగ."

గొడుగుకు డబ్బు మిగల్లేదు. నరసింహులు అలుగుతాడనుకున్నారు. కానీ తిరుగుదారి పొడుగునా నాగేంద్రమ్మ, అదిగో కొంగ, అదిగో ఆ చేలో కలుపు, అని చిన్నపిల్ల మాదిరి చూపిస్తుంటే ఆయనకు అలగడానికి సందు దొరకలేదు.

ఇంటికి రాగానే ఆమె పంచె విప్పించి, ఎర్రకుట్టు ఊడదీసి, తెల్లదారంతో కుట్టడానికి అరుగు మీద కూచుంది. ఆయన తువ్వాలు చుట్టుకుని పక్కనే కూచున్నాడు. పొద్దు గూకేలోగా వీధిలోని ఆడవాళ్లంతా సూదులు పట్టుకుని ఆమె చేత దారం ఎక్కించుకోవడానికి వరసగా వచ్చినారు. నరసింహులు పంచె మాత్రం ఆ రోజు పూర్తి కాలేదు.