పంపు ఆగిన రోజు నేను గెలిచిన వాదన

మా చిన్నప్పుడంటే మరీ పాతకాలమేమీ కాదు... తొమ్మిదో తరగతి. ఉదయగిరిలో నా నేస్తం షమీనా వాళ్ల నాన్నది మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే కొట్టు. ఆ కొట్టు అరుగు మీద కూర్చుని, మట్టి ఆరగానే దానంతటదే నీళ్లు పోసే చిన్న యంత్రాన్ని ఆమె తయారుచేసింది. ఒక సెన్సారు, ఒక బోర్డు, బొటనవేలంత పంపు... చేతులు ఆమెవి, నోరు నాది. అదే మా ఒప్పందం.

కొట్లో అది వారం రోజులు ఒక్కసారైనా తప్పలేదు. దానికి కరెంటునిచ్చింది వాళ్ల నాన్న స్వయంగా కట్టిన బరువైన ఇనప పెట్టె.

ఆత్మకూరులో సైన్సు ప్రదర్శనకు బయలుదేరుతుంటే నేనే అడ్డుపడ్డాను.

"ఆ తుప్పు డబ్బాని ఎవురు మోస్తారే? నవ్వుతారు. మా ఇంట్లో ఫోను ఛార్జరుండాది. అదీ ఐదు వోల్టులే గదా!"

"ఐదని రాసుంటే చాలదే... పంపు కరెంటు లాగినప్పుడు ఆ ఐదూ నిలబడాల."

"నిలబడతాదిలే, రా!"

నిలబడలేదు. న్యాయనిర్ణేత ముందు పంపు తిరగబోయిన ప్రతిసారీ బోర్డు మీది దీపం మినుకుమని ఆరిపోయింది... మళ్లీ వెలిగి, మొదటినుంచీ అదే తంతు.

"ఏందమ్మా ఇది?" అన్నారాయన.

"ఛార్జరు చాల్లేదు సార్. పంపు తిరిగేటప్పుడు వోల్టేజి పడిపోతా ఉండాది," అంది షమీనా మెల్లగా.

ఛార్జరు తెచ్చింది నేను గనక తప్పు నా మీద పడుతుందని భయపడ్డాను. "దాంతోనే మా ఇంట్లో ఫోన్లన్నీ ఛార్జింగు ఎక్కుతాయి సార్! తీగలు సరిగా సోల్డరింగు చెయ్యలేక ఛార్జరు మీద నెపమేస్తా ఉండాది," అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన ఔనన్నట్టు తలూపారు.

తిరుగు బస్సులో షమీనా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది... తర్వాత ఇంటరులో సైన్సు వదిలి సీఈసీ తీసుకుంది. మళ్లీ తీగ ముట్టలేదు.

ఈ ఏడాది కాలేజీ ల్యాబులో అలాంటి పంపునే అలాంటి ఛార్జరుకు తగిలించాను. పంపు కదిలిన క్షణాన కొలిచే పరికరం తెర మీది వోల్టేజి గీత గోతిలో పడ్డట్టు కుంగింది. బోర్డు ఆరిపోయింది. ఆ ఇనప పెట్టెలాంటి మంచి పవర్ సప్లై పెట్టగానే గీత కదల్లేదు... పంపు హాయిగా తిరిగింది.

మొన్న ఆత్మకూరు బస్టాండులో షమీనా కనిపించింది. "నువ్వు చెప్పిందే నిజం షమీ. ల్యాబులో చూసినాను," అన్నాను ఆత్రంగా.

"చూస్తేగానీ నమ్మవా? ఆ రోజు నేను చెప్పినా గదా," అంది. నవ్వింది కూడా. బస్సెక్కి వెళ్లిపోయింది.

చిన్నతనమని సర్దిచెప్పకండి... ఆ వాదన నేనొప్పుకోను. ఇప్పుడు పిల్లలు కొనే సైన్సు కిట్టులో సరైన పవర్ సప్లై కూడా వస్తోంది. వాళ్ల పంపులు ఆగవేమో. నిజం చెబుతుంటే మీరు నవ్వి నోరు మూయించిన నేస్తం ఎవరైనా ఉంటే, కింద పేరు రాయండి. మొదటి పేరు నేను రాస్తున్నాను...

షమీనా.