నీళ్ల మీద తేలిన జీడిపిక్క

మొన్న టెక్కలిలో మా ఎనిమిదో తరగతికి గుడ్డు ప్రయోగం చేసి చూపించాను. మంచినీళ్లలో మునిగిన గుడ్డు, ఉప్పు కలిపితే పైకొస్తుంది. ఉప్పు డబ్బా అందుకున్న ప్రతిసారీ మా మేనత్త గుర్తొచ్చి చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. మాస్టారు కొలత మరిచిపోయారని పిల్లలు నవ్వుకుంటారు.

అత్తది ఉద్దానంలో, పూండి దగ్గర, తోటల మధ్య ఊరు. ఆవిడ అనుమానానికి అంతుండేది కాదు. పాలలో నీళ్లు కలిపారని అందరూ అనుమానిస్తారు. కలిపిన నీళ్లు ఎవరి నూతివో కూడా అనుమానించేది ఆవిడ. బస్సు సమయానికొస్తే, డ్రైవరు దారిలో ఎవరినో ఎక్కించుకోకుండా వచ్చేశాడనేది. మావయ్య నోట్లో నాలుక లేని మనిషి. అన్నీ విని, ఔను గావాల అనేసి తోటకు పోయేవాడు.

అలాంటి మావయ్యకు కిడ్నీలు పాడయ్యాయన్నారు. ఆ చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఉన్న జబ్బే అయినా, మన గడప తొక్కేదాకా అది పక్కింటి కబురే. కారణమేమిటని అత్త అడిగితే డాక్టరు ఇంకా తెలియదన్నాడు. తెలియదంటే నమ్మే మనిషి కాదావిడ, దాస్తున్నారంది. ఆయన్ని డయాలసిస్‌కు పలాస తిప్పుతూనే, ఏ నూతి నీరు ఈ పని చేసిందో పట్టుకు తీరతానని కూర్చుంది.

అప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన సైన్సు మాస్టారిని. సెలవులకు వెళ్లినప్పుడు ఆవిడ మనసు కాస్త మళ్లుతుందని ఈ గుడ్డు ప్రయోగమే వంటింట్లో చేసి చూపించాను. గుడ్డు మారలేదు, నీరు మారింది, ఉప్పుతో బరువెక్కిన నీరు గుడ్డును పైకెత్తిందని చెప్పాను. అత్త గ్లాసులో వేలు ముంచి నాలుకకు రాసుకుని, అది ఉప్పేనని రూఢి చేసుకుంది.

మా వైపు జీడి నాటేముందు పిక్కలను నీళ్లలో వేస్తారు. మునిగినవి నాటుతారు, తేలినవి పారేస్తారు. అలా తరతరాలుగా నీళ్లతో పిక్కలను పరీక్షిస్తున్నారు. అత్త దాన్ని తిరగేసి, పిక్కలతో నీళ్లను పరీక్షించింది. మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి అరుగు మీద గిన్నెలు వరసగా ఉన్నాయి. ఒక్కో గిన్నెలో ఒక్కో నూతి నీళ్లు, నాటడానికి దాచిన మూటలోంచి తీసిన ఒక్కో పిక్క. మిగతా అన్నిట్లోనూ పిక్కలు మునిగాయి, ఒక్కదానిలో మాత్రం తేలింది. అవి ఆవిడ తోటికోడలి నూతి నీళ్లు. తోట నుంచి వస్తూ మావయ్య రోజూ అక్కడే దాహం తీర్చుకునేవాడు, సొంత తమ్ముడి ఇల్లే కదా.

"సూడు, ఈ పని సేసింది దానింటి నీల్లే," అంది అత్త.

నలుగురిలో పెట్టి అడుగుతానని కొంగు బిగించింది. అత్త పలాసలో ఉన్న రోజుల్లో ఈ ఇంట్లో పొయ్యి వెలిగించేది, గేదెకు కుడితి పెట్టేది ఆ తోటికోడలే. ఆ మాట గడప దాటితే రెండిళ్ల మధ్య రాకపోకలు ఉండవని నాకు భయం పట్టుకుంది.

తేలిన పిక్కను తీసి అత్త సొంత నూతి నీళ్లలో వేశాను. అక్కడా తేలింది. మునిగిన పిక్కొకటి తీసి తోటికోడలి నీళ్లలో వేశాను. మునిగింది. లోపల పప్పు ఎండి బోలైన పిక్క అది, నీళ్లది కాదు తప్పు అన్నాను. ఏ నూతి నీరు మంచిదో ఏది చెడ్డదో పిక్కను బట్టి చెప్పలేమని కూడా అన్నాను. తగవు తప్పిందన్న సంతోషంలో కాస్త హుషారుగానే చెప్పి ఉంటాను.

అత్త తన నూతి నీళ్ల గిన్నె వైపే చూస్తూ ఉండిపోయింది. ఇంతలో లోపల మంచం మీంచి మావయ్య దాహం అడిగాడు. డాక్టరు కొలిచి ఇమ్మన్న ఆ కాసిన్ని నీళ్లు చెంబులో పోసుకుని ఆవిడ గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది.

"మరయితే అల్లుడూ, పెల్లయిన కాడినుంచీ ఆయనకి నీల్లు పోసింది నానే కదేటి," అంది.

చెంబు నేనే అందుకుని లోపలికి తీసుకెళ్లాను. మావయ్య తాగి, నీళ్లు సల్లగున్నాయన్నాడు. గుమ్మంలో అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మావయ్య పోయాడు. కారణం ఇదీ అని ఎవరూ రూఢిగా చెప్పలేదు. కాలం గడిస్తే అన్నీ తెలుస్తాయంటారు గానీ, అత్తకు కావలసిన ఆ ఒక్క మాటా తెలిసేలోపు ఆవిడ కాలమే అయిపోయింది.