ఒక్కపొద్దు వాళ్ళకు వేరే కడాయి

మంచిర్యాలలో మా ఆఫీసుల రోడ్డు మీద సాయంత్రం అయిదు దాటితే ఫాస్ట్‌ఫుడ్ బండ్లు వచ్చి వరుసగా నిలబడతాయి. ఆ రోడ్డు పక్కనే ఒక రేకుల గదిలో కూచుని నేను జనానికి దస్తావేజులు, అర్జీలు రాసిపెడతాను. పొద్దంతా కూచునే పని. నా నడక ఎంత అంటే కుర్చీలోంచి జిరాక్స్ మిషన్ దాకా. అందుకని ఆరోగ్యానికి కూడా పనికొస్తుందని, దేవుడి పేరు మీద వారానికి మూడు ఒక్కపొద్దులు పట్టాను. సోమవారం, గురువారం, శనివారం.

ఒక్కపొద్దు అంటే ఆ రోజు ఒక్కపూటే అన్నం. రెండోపూట అన్నం ముట్టకూడదు, పలహారం ఏదైనా చేయొచ్చు. మా అవ్వ అయితే ఆ పూట ఒక అరటిపండు తిని గ్లాసెడు నీళ్ళు తాగి పడుకునేది. నా ఒక్కపొద్దు అంత బీదగా ఉండేది కాదు. మొదట్లో నా భార్య ఉప్మానో చపాతీలో చేసేది. ఆమె ఇంట్లోనే మిషన్ కుడుతుంది. పెళ్ళిళ్ళ సీజన్‌లో జాకెట్లు గుట్టలు పడి ఉంటాయి. "నువ్వు పరేషాన్ కాకు, నేనే తెచ్చుకుంట" అన్నాను ఒకరోజు, ఏదో గొప్ప త్యాగం చేస్తున్నట్టు. ఆ రోజు తెచ్చింది ఇడ్లీ. తర్వాత పూరీ అయింది. ఆ తర్వాత వెజ్ నూడిల్స్, దాని పక్కకు గోబీ మంచూరియా. ఫ్రైడ్ రైస్ మాత్రం తెచ్చేవాణ్ణి కాదు. అది అన్నం కదా, ఒక్కపొద్దు చెడిపోతుంది!

ఒకసారి నేను నూడిల్స్ తెచ్చుకునే బండాయన కోడిగుడ్డు కలిపిన గంటెతోనే నా నూడిల్స్ కలపబోయాడు. నేను ఒంటికాలి మీద లేచాను. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. "దేవుని పేరు మీద ఉన్నోళ్ళకు నీసు తినపెడ్తవా? నీకు కండ్లు కనపడ్తలేవా?" అని అరిచాను. పాపం అతను హడలిపోయి, "సార్, జర ఆగుండ్రి, రేపటికెల్లి మీకు వేరే కడాయి పెడ్త, ఫికర్ జెయ్యకుండ్రి" అన్నాడు. అన్నట్టే పెట్టాడు. బండికి ఒక రేకు వేలాడదీసి, "ఒక్కపొద్దు వాళ్ళకు వేరే కడాయి" అని ఎర్ర రంగుతో రాయించాడు. ఆ వారం నుంచి అతని గిరాకీ పెరిగింది. ఒక్కపొద్దు వాళ్ళందరూ అక్కడే చేరారు, ఆఫీసు వాళ్ళు, గనుల్లో డ్యూటీ దిగినవాళ్ళు, మెడలో మాలలున్న స్వాములు. మేమంతా గంటె కలిసిందా లేదా అని మాత్రం కళ్ళల్లో వత్తులేసుకుని చూసేవాళ్ళం. ఆ కడాయిలో నూనె ఎన్నాళ్ళదో, ఆ ఎర్రటి రంగు దేనిదో, చివర్లో చిటికెడు చిటికెడు చల్లే తెల్ల పొడి ఏమిటో ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు. నేనైతే అస్సలు అడగలేదు.

నాకు ఒక్కతే బిడ్డ. అప్పుడు ఏడో తరగతి. నన్ను బాపు అనే పిలుస్తుంది, బడిలో మాత్రం నా గురించి చెప్పేటప్పుడు డాడీ అంటుందట. ఒక సోమవారం నేను పొట్లం విప్పుతుంటే వచ్చి నా పక్కన కూచుంది.

"బాపూ, నేను సుత ఒక్కపొద్దు ఉంట."

"ఎందుకు బిడ్డా?"

"పరీక్షలల్ల మంచి మార్కులు రావాలె."

నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను. మర్నాడు గదికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పాను. ఈ కాలం పిల్లల్లో ఇంత భక్తి ఎక్కడుందని వాళ్ళు కూడా అన్నారు. నా భార్య ఒక్కతే నవ్వి, "అది దేవుని కోసం ఉంటలేదు, నీ పొట్లం కోసం ఉంటుంది" అంది. "నీకు అన్నిట్ల తప్పులే కనపడ్తయి" అని కసురుకున్నాను. మరుసటి గురువారం నుంచి రెండు పొట్లాలు తెచ్చాను. పిల్ల ఒక్కపొద్దు కదా, నీరసం రాకుండా ఒక కూల్‌డ్రింక్ సీసా కూడా.

రెండేళ్ళు అట్లా గడిచాయి. పిల్ల లావైంది. ఎదిగే వయసు అనుకున్నాం. అంతలో ఆమె మెడ నల్లబడటం మొదలైంది. వెనకవైపు, జడ కింద, ఒక పట్టీలాగా. మాది బొగ్గు ఊరు. లారీలు పోతుంటే లేచిన దుమ్ము కిటికీలో పెట్టిన తెల్ల తువ్వాలను సాయంత్రానికి నల్లగా చేస్తుంది. మెడ మీద నలుపు కనపడితే ఇక్కడ ఎవరైనా అనే మాట ఒక్కటే, స్నానం సరిగా చెయ్యలేదని. మేమూ అదే అన్నాం.

నా భార్య ఆదివారం ఆదివారం పిల్లను పీట మీద కూచోబెట్టి మెడకు శనగపిండి పట్టించేది. అది పోకపోతే నిమ్మచెక్క. అదీ పనిచేయకపోతే పీచు. పిల్ల మంట మంట అని మెలికలు తిరిగేది. నేను వాకిట్లో పేపర్ చదువుకుంటూ, "గట్టిగ రుద్దు, పెండ్లి ఈడు దగ్గరకొస్తుంది, గా మెడ చూసి ఎవడన్న చేసుకుంటడా" అని పరాచికం ఆడేవాణ్ణి. నవ్వుతూనే అనేవాణ్ణి. పిల్ల నవ్వేది కాదు. ఎండాకాలంలో కూడా చున్నీ మెడచుట్టూ చుట్టుకుని తిరిగేది. బడిలో డాన్సుకు పేరిచ్చి తీసేయించుకుంది. ఎందుకు తీసేయించుకున్నావని అడిగితే కాలు నొప్పి అంది. నమ్మాను.

పోయిన ఏడు ఒక ఆదివారం పీచు గట్టిగా తగిలి మెడ మీద చర్మం లేచింది, రక్తం వచ్చింది. నా భార్య భయపడి, ఇక ఇంటి వైద్యం వద్దు, ఏదన్న మంచి క్రీము రాయించుకుందామని చర్మం డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరదీసింది. ముగ్గురం పోయాం. నేను వెంట పోయింది క్రీము ఖరీదైంది రాస్తే వాదించడానికే.

డాక్టరమ్మ పిల్ల జడను ముందుకు జరిపింది. పుండును చూసింది, దాని చుట్టూ ఉన్న నలుపును వేలితో తడిమింది.

"ఎవరు రుద్దిండ్రు ఇట్లా?"

"మురికి పోతలేదు మేడం" అంది నా భార్య.

"ఇది మురికి కాదమ్మా."

ఆమె గొంతు పెంచలేదు. ఒంట్లో చక్కెర అదుపు తప్పబోయే ముందు కొందరి మెడ మీద ఇట్లా నలుపు వస్తుందనీ, ఎంత రుద్దినా అది పోదనీ, చర్మమే పోతుందనీ చెప్పింది. క్రీము రాయలేదు. పరీక్షలు రాసి, మర్నాడు పరగడుపున రక్తం ఇచ్చి, పొట్ట స్కానింగ్ తీయించుకుని రమ్మంది. నా భార్య చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ ఉండిపోయింది. నేను మాత్రం ఇదంతా డబ్బులు గుంజే పని అని తోవంతా గొణిగాను. పద్నాలుగేళ్ళ పిల్లకు షుగర్ ఏమిటి, అది ముసలివాళ్ళ జబ్బు కదా?

మర్నాడు రిపోర్టులు టేబుల్ మీద పరిచి డాక్టరమ్మ చెప్పింది. చక్కెర అంచు మీద ఉంది. లివర్‌కు కొవ్వు పట్టింది. ఇప్పుడే తెలిసింది కాబట్టి తిండి మారిస్తే వెనక్కు వస్తుందట. మార్చకపోతే ఈ వయసులోనే గోలీలు మొదలవుతాయట, ఆ తర్వాత జీవితమంతా. నా కళ్ళకు ఆ కాగితం మీద మా పిల్ల పేరు, పక్కన వయసు తప్ప ఇంకేమీ కనపడలేదు. పొద్దంతా కాగితాల మీద పేర్లు రాసేవాణ్ణి. ఒక పేరు చూసి అంత భయపడటం నాకు అదే మొదటిసారి.

"అన్నం బాగ తింటవా?" డాక్టరమ్మ పిల్లను అడిగింది.

"లేదు మేడం, తక్కువనే. వారానికి మూడు దినాలు ఒక్కపొద్దు ఉంట."

నాకు జర ఊపిరి ఆడింది. చూశారా, మా పిల్ల ఎంత కట్టడి మీద ఉంటుందో అన్నట్టు డాక్టరమ్మ వైపు చూశాను.

"మరి ఒక్కపొద్దు నాడు ఏం తింటవ్?"

పిల్ల ఒక్కసారి నా వైపు చూసింది. ఒక్కసారే. మళ్ళీ తల దించుకుని చెప్పింది.

"నూడిల్స్ మేడం. మంచూరియా. కూల్‌డ్రింక్. నా పైసలతోని నేనే కొనుక్కుంట. ఇంట్ల ఎవ్వరికి తెల్వది."

నా భార్య తల తిప్పి నన్ను చూసింది. నేను చెప్పాల్సింది అప్పుడే. ఒక్క మాట చాలు. నేను రిపోర్టు కాగితాలు సర్దుతూ కూచున్నాను. డాక్టరమ్మ పిల్లకు చెప్పడం మొదలుపెట్టింది. ఇంత పెద్దపిల్లవు, చదువుకుంటున్నావు, నీ ఒంటి బాగు నువ్వే చూసుకోవాలి, ఎవరి నోట్లోకి ఏం పోతుందో వాళ్ళకే ఎరుక ఉండాలి అని. పిల్ల ప్రతిదానికీ తల ఊపుతోంది. అప్పుడు నా నోరు తెరుచుకుంది. ఏం అన్నానో రాయడానికి కూడా నాకు చేయి రావడం లేదు, కానీ రాస్తాను.

"గట్టిగ చెప్పుండ్రి మేడం. మా మాట ఇంటలేదు" అన్నాను.

అది నా గొంతే. నేను విన్నాను. నా రేకుల గదికి ఎవడైనా అబద్ధం దస్తావేజు రాయించమని వస్తే గల్లా పట్టి బయటికి గెంటేవాణ్ణి, అట్లాంటివాణ్ణి నేను.

బయటికి వచ్చాం. నా భార్య పిల్ల పుండుకు మందు కొనడానికి మందుల షాపు ముందు నిలబడింది. పిల్ల నా పక్కన మెట్ల మీద కూచుంది. అట్లా ఎందుకు చెప్పావని అడిగాను. అడగడానికి కూడా సిగ్గేసింది.

"ఏం కాదు బాపూ. నన్నంటే ఊకుంట. నిన్నంటే నువ్వు ఊకోవు. ఆమెతోని లొల్లి పెట్టుకుంటవ్. మళ్ళ ఇంకో డాక్టర్ దగ్గరికి పోవాలె."

తిట్టినా బాగుండేది. నా బిడ్డ నా కోపాన్ని ఇన్నాళ్ళూ ఇట్లా దాటుకుంటూ బతుకుతోందని నాకు ఆ మెట్ల మీద తెలిసింది. తల కొట్టేసినట్టయింది. బండాయన రంగు కలపలేదా అంటే కలిపాడు. నూనె మార్చలేదా అంటే మార్చలేదేమో. ఇంటికి పోతూ పోతూ ఆ బండి దగ్గర ఆగి అతని మీద పడి అరవడం నాకు ఎంత తేలికో! కానీ అతను మా ఇంటికి వచ్చి ఒక్కసారి కూడా తలుపు కొట్టలేదు. ప్రతిసారీ నేనే పోయాను. రెండు ప్లేట్లు, కారం జర ఎక్కువ అని చెప్పింది నేను. పొట్లం సంచి పిల్ల చేతికి ఇచ్చింది నేను. ఆమె ఆఖరి నూడిల్ దాకా తింటుంటే ముచ్చటగా చూసింది కూడా నేనే.

లేచి లోపలికి పోయాను. కాంపౌండరు చిట్టీ ఏదని అడ్డం పడ్డాడు. తప్పుకొమ్మని తోసుకుని పోయాను, నా అలవాటు ప్రకారం. డాక్టరమ్మ ముందు ఇంకెవరో ముసలాయన కూచుని ఉన్నాడు.

"మేడం, నూడిల్స్ తెచ్చేది పిల్ల కాదు. నేను. రెండేండ్ల సంది నేనే తెస్తున్న. పిల్ల అబద్ధం చెప్పింది, నా కోసం."

ఆమె పెన్ను కింద పెట్టింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు.

"నాకెందుకు చెప్తున్నరు? పిల్లను పిలవండి. ఆమెకు చెప్పండి."

పిలిచాను. వెనకే నా భార్య కూడా వచ్చింది. ముసలాయన లేవబోతే డాక్టరమ్మ కూచోమంది. రోజుకు పది మంది తరఫున ప్రమాణపూర్వకంగా రాసేవాణ్ణి, నా తరఫున ఒక్క వాక్యం దొరకలేదు. చివరికి ఎట్లా వచ్చిందో అట్లా చెప్పాను.

"బిడ్డా, ఇది నీ తప్పు కాదు. నేను తెచ్చి పెట్టిన. అది తినవట్టే నీ మెడ నల్లగైంది. రుద్దితె పోయేది కాదట. మేము ఉత్తగనే రుద్దినం."

పిల్ల ఏడుస్తుందనుకున్నాను. నా మీద అరిచినా పడటానికి సిద్ధపడ్డాను. ఆమె ఏడవలేదు. డాక్టరమ్మ వైపు కూడా చూడలేదు. నా మొహంలోకే చూస్తూ, ఎన్నాళ్ళ నుంచో అడగాలని ఉన్నట్టు మెల్లగా అడిగింది.

"అయితే నేను మురికిదాన్ని కాదా, బాపూ?"