జిమల్‌గట్టలో ఇల్లు, పెరట్లో మైనాబాయి ఇప్పచెట్టు

కొత్త ఉద్యోగం వచ్చిందంటే ఎవరైనా ముందు జీతం అడుగుతారు. మా అన్న మాత్రం "అక్కడ గాలి ఎట్లుంటదే?" అని అడిగాడు. అడగడంలో న్యాయం ఉంది. మా పాప శ్రావ్యకు ఎనిమిదేళ్లు, మూడేళ్లుగా ఆస్తమా. హన్మకొండలో మేము అద్దెకున్న ఇంటి ఎదురుగా గ్రానైట్ కోసే షెడ్డు ఉంది. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. మా ఆయన లారీ మీద ఊళ్లు తిరుగుతూ నెలకు రెండుసార్లు ఇంటికొస్తాడు, కాబట్టి పాపకు ఆయాసం వచ్చిన ప్రతిసారీ ఆస్పత్రికి పరుగెత్తేది నేనే. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. గడ్చిరోలి జిల్లా జిమల్‌గట్టలో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే చిన్న ఆస్పత్రిలో మలేరియా రక్తపరీక్షలు చేసే పని ఉందని తెలిసి దరఖాస్తు పెడితే, రమ్మన్నారు. "చెట్లున్న చోటు, దుమ్ము లేని చోటు చూసుకోమ్మా" అన్నారు పాపను చూసే డాక్టరు గారు. అంతే, గుట్ట, అడవి, మధ్యలో ఒక పెంకుటిల్లు నా కళ్లకు కట్టేశాయి. శ్రావ్య ఊపిరికి పనికొచ్చే ఇల్లు దొరికితేనే చేరతాననీ, లేకపోతే ఉద్యోగం వదులుకుంటాననీ అన్నకు మాటిచ్చాను. మార్చి మూడో వారంలో ఒక శనివారం, పాపను వెంటబెట్టుకుని ఇల్లు వెతకడానికి బయల్దేరాను.

హన్మకొండ బస్టాండులో తెల్లవారుజామున అయిదున్నరకు కాళేశ్వరం బస్సెక్కాం. తెలంగాణ ఆడవాళ్లకు ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ డబ్బులుండవు గానీ, ఆధార్ కార్డు మరిచిపోతే కండక్టరు మొహమాటపడడు. పరకాల, భూపాలపల్లి, మహదేవ్‌పూర్ మీదుగా తొమ్మిది కావస్తుండగా కాళేశ్వరంలో దిగాం. అక్కడ్నుంచి షేర్ ఆటోలో గోదావరి వంతెన దాటితే సిరొంచ. మనిషికి నలభై రూపాయలు తీసుకున్నాడు. బోర్డులు మరాఠీలో ఉంటాయి, బేరాలు మన తెలుగులోనే సాగుతాయి, అందుకని పరాయి రాష్ట్రం వచ్చామన్న బెరుకు నాకు కలగలేదు. బస్టాండు దగ్గర ఒకావిడ వేడివేడి అటుకుల పోహా పెడుతోంది. ప్లేటు ముప్పై. మేం ఎందుకొచ్చామో రెండు ముద్దలు తినేలోపే నాతో చెప్పించుకుంది.

"జిమల్‌గట్టల ఏముంటదమ్మా, దోమలు తప్ప? మా మరిది ఇల్లు ఖాళీగున్నది, జర చూసి పో" అంది. ఆమె మాట కొట్టేయలేక చూశాను. రెండు గదులు, గచ్చు నేల, కుళాయి, పిల్లల బడి అయిదు నిమిషాల నడక. వెనక నది దాకా వరి మళ్లు. ఎవరికైనా మంచి ఇల్లే. కానీ గోడ అవతల వడ్లు పట్టే మిల్లుంది. ఊక దుమ్ము కిటికీ ఊచల మీద పేరుకుని కనిపించగానే శ్రావ్య ముక్కు మూసుకుంది. పైగా అక్కడ్నుంచి ఆస్పత్రికి రోజూ రెండు గంటలకు పైగా జీపులో పోవాలి. దండం పెట్టి బయటపడ్డాను.

పదకొండుకు జిమల్‌గట్ట వైపు వెళ్లే జీపు దొరికింది. దొరకడమంటే, ఎక్కి కూర్చోవడం పదకొండుకు, కదలడం పదకొండూ నలభైకి. జీపు నిండితే తప్ప డ్రైవరు సమ్మయ్య తాళం తిప్పడు. మనిషికి నూట ఇరవై. రోడ్డు కొన్నిచోట్ల అద్దంలా ఉంది, కొన్నిచోట్ల ఇంకా వేస్తున్నారు, కొన్నిచోట్ల వేస్తారని నమ్మకం మాత్రమే ఉంది. పాప మూతికి తడి రుమాలు కట్టాను. సమ్మయ్య అద్దంలోంచి చూసి, ఏమీ అడక్కుండానే తన పక్క అద్దం ఎక్కించి, మమ్మల్ని ముందు సీట్లోకి మార్చాడు.

"దవాఖానల కొత్తగ వస్తున్నవా అక్కా?" అన్నాడు.

"వద్దామనే. ఇల్లు దొరకాలె గద."

"ముందుగాల జేసినాయన నాగేపల్లిల ఉండి జీపుల వచ్చిపోయెటోడు. వానాకాలం వాగులొస్తే ఆయన ఆడ్నే, రోగులు ఈడ్నే. నువ్వు ఊర్లనే ఉండు. మంది సంబరపడ్తరు."

సగం దూరం దాటాక అడవి దగ్గరపడింది. టేకు చెట్లు ఆకులు రాల్చి బోసిగా ఉన్నాయి. గాలిలో ఏదో తియ్యటి, కాస్త మత్తైన వాసన. ఇప్పపూలు పడుతున్నాయని సమ్మయ్య చెప్పాడు. శ్రావ్య రుమాలు దించుకుని గట్టిగా వాసన పీల్చింది. అది దానంతటది అంత లోతుగా ఊపిరి తీసుకోవడం చూసి చాలా రోజులైంది. నా మనసు అక్కడే సగం తేలిపోయింది.

రెండు గంటల ప్రాంతంలో జిమల్‌గట్టలో దిగాం. ఆస్పత్రి వాళ్లు చెప్పిపెట్టిన రాజయ్య మా కోసం రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. అరవై ఏళ్ల రైతు. పొలం దగ్గర ఇల్లు కట్టుకుని అటు మారడంతో, గుట్ట వాలులో పాత ఇల్లు ఖాళీగా ఉంది. కాలిబాటన పది నిమిషాలు ఎక్కాలి. గూన పెంకులు, మట్టిగోడలు, అలికిన అరుగు, వెనక పెరడు, పెరటి నడుమ పెద్ద ఇప్పచెట్టు, దాని పైన గుట్ట. దుమ్ము లేదు, మిల్లు లేదు, లారీ మోత లేదు. అద్దె పదిహేను వందలు. నేను లోపలి గది చూడకుండానే "ఇదే ఇల్లు కాకా, ఖాయం" అనేశాను. మా అన్న పక్కనుంటే నెత్తి కొట్టుకునేవాడు.

శ్రావ్య అప్పటికే పెరట్లో ఉంది. ఎండుటాకుల మధ్య గోధుమ ముత్యాల్లాంటి ఇప్పపూలు అక్కడక్కడా పడి ఉన్నాయి. అది గౌను ఒడిలోకి ఏరుతోంది. నేనూ కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. మా ఇల్లు, మా చెట్టు, మా పూలు. క్యారీబ్యాగులో సగం దాకా నింపి, అన్నకు చూపించడానికి ఫొటో కూడా తీసుకున్నాను. రాజయ్య ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. చీపురు పట్టుకున్న చంటిపిల్లను చూసినట్టు చూస్తున్నాడు నన్ను.

అప్పుడొచ్చింది మైనాబాయి. యాభై ఏళ్లుంటాయి, నడుముకు బిగించిన చీర, చంకలో వెదురు గంప. గుట్ట మీద గోండు గూడెం ఆమెది. మా సంచీ వైపు చూసి, రాజయ్య వైపు తిరిగి "ఇల్లు ఇచ్చినవు గని, చెట్టు ముచ్చట చెప్పలేదా?" అంది.

రాజయ్య తల గోక్కున్నాడు. "చెప్దామంటే మేడం ఆగితే గద! చూడు బిడ్డా, ఇల్లు మాదే, జాగ మాదే. గని ఈ ఇప్పచెట్టు పువ్వు మైనాబాయి వాళ్లది. వాళ్ల అత్త ఏరింది, ఆమె అత్త ఏరింది. మా అయ్య ఇల్లు కట్టకముందు నుంచే గట్లనే నడుస్తున్నది. పువ్వు పడ్డన్ని దినాలు వాళ్లు పెరట్లకొస్తరు, మేం ఒక్క పువ్వు ముట్టం."

సిగ్గుతో నా మొహం ఎర్రబడింది. ఆ ఊళ్లో ఒక్కో ఇప్పచెట్టు ఒక్కో కుటుంబానిదని, అది ఎవరి పెరట్లో ఉన్నా సరే పూలు మాత్రం వాళ్లవేనని ఊరందరికీ తెలుసు. నాలుగు వారాల పాటు ఆ పూలే ఆమె ఇంటికి ఆధారం. నేను ఆమె గంపలోకి పోవలసినవి ఏరుకుని, పైగా ఫొటో తీసుకున్నాను. సంచీ మొత్తం ఆమె గంపలో కుమ్మరించి "ఎరుక లేక ఏరిన అక్కా, తప్పయింది" అన్నాను. ఆమె కోప్పడలేదు. శ్రావ్య ఒడిలోవి మాత్రం "గవి పొల్లకే ఉండనీ" అంది.

అంతలో పెరడు దాటి పక్క చెట్టు కింద నుంచి పొగ లేచింది. మైనాబాయి మరిది రాలిన ఆకులకు నిప్పుపెట్టాడు. ఇప్పపూలు తెల్లవారకముందు నుంచి రాలతాయి. కింద ఆకులుంటే పూలు కనపడవు, అందుకే ముందురోజే ఆకు కాల్చి నేల శుభ్రం చేసుకుంటారు. తరతరాల పద్ధతి. గాలి మా వైపు తిరిగింది. శ్రావ్య రెండుసార్లు దగ్గింది, మూడోసారి దగ్గలేక నా కొంగు పట్టుకుంది. ఎత్తుకుని లోపలికి పరుగెత్తి, తలుపులు మూసి, ఇన్‌హేలర్ పెట్టాను. ఎగిసిపడుతున్న దాని పక్కటెముకలు నెమ్మదించడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటలో నేను దేవుణ్నీ, గ్రానైట్ షెడ్డునూ, ఈ అడవినీ, నా తొందరపాటునూ అన్నింటినీ కలిపి తిట్టుకున్నాను. ఇక ఇల్లూ లేదు, ఉద్యోగమూ లేదు. తలుపు తీసి "తిరుగు జీపు ఎన్నింటికి కాకా?" అని అడిగాను.

రాజయ్య పొగ లేచిన వైపు చూపించాడు. అవతల మైనాబాయి పచ్చి కొమ్మతో నిప్పును కొట్టి ఆర్పుతోంది. ఆర్పాక చేతులు దులుపుకుని గడప దగ్గరికొచ్చి, లోపలికి తొంగిచూసింది.

"పొల్లకు పొగ పడదా?"

"పడదక్కా. ఊపిరి ఆడదు. పొగ లేని చోటు కావాలనే ఇంత దూరమొచ్చిన." చెబుతుంటే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. "ఈ చెట్టు కిందనన్న కాల్చకుంట ఏరొచ్చునా?"

ఆమె తలెత్తి చెట్టును చూసింది. "ఆకు రోజు రాల్తది. నేను తొమ్మిది చెట్ల కింద వంగాలె. అన్నింటి కింద ఊడ్సుకుంట కూసుంటే పువ్వు ఎప్పుడు ఎండబెట్టాలె?" అని నా వైపు తిరిగింది. "నువ్వు ఊడుస్తవా?"

"ఊడుస్త."

"పొద్దు గూకకముందు ఊడ్వాలె. దినాం. ఒక్క ఆకు ఉండొద్దు."

రాజయ్య నవ్వాడు. "రక్తపరీక్షలు జేసే మేడం ఆకులూడుస్తదా?"

"ఊడ్వకుంటే నాకేం, కాలుస్త" అంది మైనాబాయి, నవ్వకుండా. మరి మిగతా చెట్ల సంగతేమిటని అడిగాను. "ఒక్కో చెట్టుకు ఒక్కో ఇల్లు ఉన్నది. నా మాట ఈ చెట్టు కాడికే" అని గంప ఎత్తుకుంది. ఆ నిజాయితీ నాకు నచ్చింది. అయిదు గుంటల పెరట్లో పొగ ఉండదు, మరీ కష్టమైతే ఆ నాలుగు వారాలు పాపను అన్న దగ్గర ఉంచవచ్చు, మిగతా పదకొండు నెలల గాలి బంగారం. నెల అద్దె ముందుగా ఇచ్చి, నాలుగు గంటల జీపెక్కి, సిరొంచలో లాడ్జిలో పడుకుని, మర్నాడు హన్మకొండ చేరాం. అన్నకు పొగ సంగతి చెప్పేటప్పుడు కొంచెం తగ్గించే చెప్పాను.

జూన్‌లో వానలకు ముందే చేరాం. దోమల గురించి పోహా ఆవిడ చెప్పింది నిజమే, దోమతెర లేకుండా ఇక్కడ కాలం గడవదు. వాగులొచ్చి రెండుసార్లు దారి తెగిపోయింది, కానీ నేను ఊళ్లోనే ఉన్నాను కాబట్టి పరీక్షలు ఆగలేదు. శ్రావ్య బడిలో మరాఠీ నేర్చుకుని ఇప్పుడు నా తప్పులు దిద్దుతోంది. ఈ మార్చిలో పూలు మొదలయ్యాయి. మాట ప్రకారం రోజూ సాయంత్రం డ్యూటీ దిగగానే చీపురు పట్టాను. మొదటి మూడు రోజులకే నడుము పట్టేసింది. పాప బట్టలు సర్ది సంచీ సిద్ధంగా ఉంచుకున్నాను, గుట్ట మీద పొగ లేవగానే హన్మకొండ పంపేద్దామని. వారమైంది, పొగ లేవలేదు. పదో రోజున ఉండబట్టలేక కాలిబాట ఎక్కి చూశాను. మా వాలులో ఉన్న ప్రతి ఇప్పచెట్టు కిందా నేల ఊడ్చి ఉంది. ఎక్కడా మసి లేదు. కొన్నిచోట్ల పూలు పడేందుకు పాత చీరలు పరిచి ఉన్నాయి.

రాజయ్య చెప్పాడు. హోళీ కన్నా ముందే మైనాబాయి గూడెంలో ఇంటింటికీ తిరిగి, దవాఖాన పొల్లకు పొగ పడదని, ఈ పక్క చెట్లకు ఎవరూ నిప్పు పెట్టొద్దని అడిగిందట. నాకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ఆమె దగ్గరికి వెళ్లి చేతులు పట్టుకున్నాను. "పొల్ల మంచిగున్నదా? ఇగ పో, ఇయ్యాల గాలి బాగ కొట్టింది, నీ చెట్టు కింద ఆకు మస్తు రాలి ఉంటది" అంది. నీ చెట్టు అంది. ఆ సంచీలోని బట్టలు తీసి మళ్లీ బీరువాలో పెట్టేశాను.

మంచి గాలి చెట్లు ఇస్తాయనుకుని వచ్చాను. ఎన్ని ఇళ్ల ఆడవాళ్లు నాలుగు వారాలు అదనంగా నడుము వంచితే నా కూతురు ఊపిరి పీల్చుకుంటోందో ఇప్పుడు తెలుసు. ఈ రుణం ఎలా తీరుతుందో తెలియదు. వాళ్ల పిల్లలకు జ్వరమొస్తే రక్తం చుక్క పట్టి నిమిషాల్లో ఫలితం చెప్పడం ఒకటే నా చేతిలో ఉంది, అది సెలవు రోజుల్లో కూడా చేస్తున్నాను. ఉద్యోగం కోసం అడవి ఊళ్లో ఇల్లు చూసుకోబోయే వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. అద్దె మాట్లాడుకున్నాక పెరట్లో చెట్టు ఎవరిదో అడిగి, వాళ్లింటికి కూడా వెళ్లి రండి. పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. తాము ఎవరి కోసం ఊడుస్తారో ఆ ఇంటివాళ్లు చూడాలి.